కలపకండి, ఇంకా ముక్కలు చేయండి

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే వెబ్‌సైటు బాధ్యత కూడా నెత్తిన వేసుకున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ల కోసం ఇది రాస్తున్నాను. మీ సైటు పేరుకే ఒకటి. హోమ్ పేజీ ఎవరో ఎప్పుడో అడోబీ మ్యూజ్‌లో చేసిపెట్టారు. డిపార్ట్‌మెంట్లు మొబిరైజ్‌లో ఒక్కోటీ ఒక్కో ప్రాజెక్టు. ప్లేస్‌మెంట్ సెల్‌ది ఓ పూర్వ విద్యార్థి తన లాప్‌టాప్‌లో చేసిచ్చింది. ఇది చూసిన ప్రతివాళ్లూ ఇచ్చే సలహా ఒకటే: అంతా కలిపి ఒకే ప్రాజెక్టుగా, ఒకే డిజైన్‌తో మళ్లీ మొదట్నుంచీ కట్టండి అని. నా సలహా అందుకు పూర్తిగా ఎదురు. కలపకండి. ఉన్న ముక్కల్ని అలాగే ఉంచి, కొత్తగా వచ్చేవాటిని ఇంకా చిన్న ముక్కలు చేయండి. పేజీలన్నీ ఒకేలా కనబడాలన్న పట్టుదల వదిలేయండి. తలకిందుల సలహా అనేవాళ్లు అనుకోనివ్వండి, ఈ సైట్లు నిలబడాలంటే ఇదే దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కలిపి కట్టేటప్పుడు ముందు బలయ్యేవి యూఆర్ఎల్‌లు. న్యాక్‌కి పంపే ఎస్ఎస్ఆర్‌లోనూ, ఏటా పంపే ఏక్యూఏఆర్‌లోనూ ఆధారాలు అడిగిన చోటల్లా మన సైటు లింకులే ఇస్తాం. రిపోర్టు సబ్మిట్ చేశాక ఆ లింకు మీద మనకు పట్టు ఉండదు. పరిశీలించేవాళ్లు ఏ వర్క్‌షాప్ రిపోర్టు పీడీఎఫ్ కోసమో నొక్కినప్పుడు పేజీ దొరకలేదని వస్తే, కొత్త డిజైన్ ఎంత ముచ్చటగా ఉన్నా ఏం లాభం? అందుకే పాత పేజీ పాత రూపంలోనే, పాత అడ్రస్‌లోనే ఉండనివ్వండి. ఫోల్డర్ పేరులో లైబ్రరీ స్పెల్లింగు ఒక ‘ఆర్’ తక్కువైనా సరే, దిద్దొద్దు. ఆ తప్పు స్పెల్లింగే ఇప్పుడు మీ అధికారిక చిరునామా. ఎవరైనా ఇప్పటికే మార్చేసి ఉంటే, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ ఈరోజే పెట్టించండి.

ముక్కలు చేయడం అన్నాను కదా, డిపార్ట్‌మెంట్ల వారీగా మాత్రం చేయకండి. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. మన కాలేజీ సైట్లు అందుకు నిలువెత్తు సాక్ష్యం. ఈసీఈ వాళ్లకొకటి, మెకానికల్ వాళ్లకొకటి, ఐక్యూఏసీకి ఇంకొకటి. నేనైతే మార్పు వేగాన్ని బట్టి విడదీయమంటాను. రోజూ మారేవి, అంటే సర్క్యులర్లు, పరీక్షల నోటిఫికేషన్లు, రిజల్ట్స్, ఒక ప్రాజెక్టు. సెమిస్టర్‌కోసారి మారే టైమ్‌టేబుళ్లు, సిలబస్ మరొకటి. ఏడాదికోసారి మారే ఫ్యాకల్టీ జాబితా, ఎన్ఐఆర్ఎఫ్ డేటా, ఏఐసీటీఈ మాండేటరీ డిస్‌క్లోజర్ ఇంకొకటి. ఎప్పుడూ మారని విజన్, మిషన్, కాలేజీ చరిత్రకు విడిగా ఒకటి. పాతవాటి జోలికి పోకుండా, ఇకమీదట వచ్చే పేజీలకే ఈ పద్ధతి పెట్టుకోండి.

హెచ్ఓడీలు ఒప్పుకోరు. “మా పేజీలు మా దగ్గరే ఉండాలి సర్” అంటారు. విషయం రాసిచ్చే హక్కు వాళ్లదే, పబ్లిష్ బటన్ మాత్రం వాళ్లది కాదు. ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్లలో ప్రతి ప్రాజెక్టుకూ మొదటి పేజీ పేరు ఇండెక్స్ అనే ఉంటుంది. టెక్ ఫెస్ట్ హడావుడిలో ఓ ఫైనలియర్ కుర్రాడు ఎఫ్‌టీపీ వివరాలు నింపుతూ రూట్ డైరెక్టరీ గడి ఖాళీగా వదిలేసి పబ్లిష్ నొక్కుతాడు. వాడి ఇండెక్స్ వచ్చి కాలేజీ ఇండెక్స్ మీద కూర్చుంటుంది. అడ్మిషన్ల కోసం సైటు తెరిచిన తల్లిదండ్రులకు రోబో రేస్ పోస్టరు కనబడుతుంది. అక్కడితో ఆగదు. రెండూ మొబిరైజ్‌లో చేసినవైతే స్టైల్ ఫైళ్లుండే అసెట్స్ ఫోల్డర్ పేరు కూడా ఒకటే కాబట్టి, హోమ్ పేజీని తిరిగి పెట్టినా రంగులూ అక్షరాలూ చెదిరే ఉంటాయి. అందుకని ప్రతి ప్రాజెక్టుకూ సొంత ఫోల్డర్ ఇవ్వండి. రూట్‌లోకి వెళ్లే అధికారం హోమ్ పేజీ ప్రాజెక్టు ఒక్కదానికే ఉండాలి.

మెనూని ఏ ప్రాజెక్టులోనూ గీయకండి. డిజైనర్లకు ఇది అస్సలు నచ్చదు, కానీ ఆరు ప్రాజెక్టుల్లో ఆరు మెనూలుంటే మూడు నెలల్లో ఆరూ ఆరు దారులు చూపిస్తాయి. మెనూ ఒక్క ఫైలుగా సర్వర్‌లో ఉండాలి, ప్రతి పేజీ దాన్ని పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్‌తో తెచ్చుకోవాలి. పేజీల పేర్ల చివర హెచ్‌టీఎంఎల్ తీసేసి పీహెచ్‌పీ అని పెడితే అడ్రస్‌లు మారిపోతాయి కాబట్టి, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను కూడా పీహెచ్‌పీగానే నడపమని హోస్టింగ్ వాళ్లను అడగండి. మెనూ ఒక్కటిగా ఉంటే చాలు, కింద పేజీలు రకరకాలుగా ఉన్నా విద్యార్థి దారి తప్పడు.

సాఫ్ట్‌వేర్‌లో లింకు ఇచ్చే డబ్బా తన ప్రాజెక్టులోని పేజీలనే చూపిస్తుంది. పక్క ప్రాజెక్టుకు లింకు కావాలంటే స్లాష్‌తో మొదలయ్యే పూర్తి దారి చేత్తో టైపు చేయండి. మీ కంప్యూటర్‌లో ప్రివ్యూ చూసినప్పుడు అది పనిచేయదు, సర్వర్‌లో పనిచేస్తుంది. రేపు కాలేజీ డొమైన్ డాట్ ఓఆర్జీ నుంచి డాట్ ఏసీ డాట్ ఇన్‌కి మారినా ఆ లింకులు చెక్కుచెదరవు.

ఇక ప్రాజెక్టు ఫైలే మన ఆస్తి అనుకోవడం మానేయండి. మ్యూజ్‌లో కొత్త ఫీచర్ల పని ఆపేస్తున్నామని అడోబీ 2018 మార్చిలో ప్రకటించింది, 2020 మార్చితో సపోర్టు కూడా తీసేసింది. మ్యూజ్ ప్రాజెక్టు ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. సర్వర్‌లో ఉన్న హెచ్‌టీఎంఎల్‌ను మాత్రం నోట్‌ప్యాడ్‌లో కూడా దిద్దుకోవచ్చు. ప్రిన్సిపాల్ గారి పేరు మారిందని మ్యూజ్ కోసం వెతుక్కోకుండా, ఆ ఒక్క లైను అక్కడే దిద్దేయండి. దిద్దిన పేజీని పాత ప్రాజెక్టు నుంచి మళ్లీ పబ్లిష్ చేయకూడదని ఒక రిజిస్టర్ పెట్టి అందులో రాయండి.

ఆ రిజిస్టర్ మామూలు లాంగ్ నోట్‌బుక్ అయితే చాలు. ఏ ఫోల్డర్ ఏ ప్రాజెక్టుది, ఆ ఫైలు ఏ కంప్యూటర్‌లో ఉంది, చివరిసారి ఎవరు పబ్లిష్ చేశారు అన్నవి అందులో ఉండాలి. ఫైనలియర్ పిల్లలు నో డ్యూస్ సంతకానికి వచ్చినప్పుడు వాళ్ల దగ్గరున్న ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చి, ఆ తేదీ రాశాకే సంతకం పెట్టండి.