పుండుకు రీసర్వే

చూశారుగా, కృత్రిమ మేధ చివరికి షుగర్ పుండు దాకా వచ్చింది. ఫోనుతో ఒక ఫొటో కొడితే చాలు, ఎన్ని వారాల్లో మానుతుందో అదే చెబుతుందట. శాతం చెబుతుంది, ఆ శాతానికి దశాంశం కూడా చెబుతుంది. కట్టు మార్చే నర్సమ్మ లేని ఊళ్లకు దశాంశమైనా దక్కింది, సంతోషం.

మా అల్లూరులోనూ శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారన్నది వదిలేయండి, బ్యానరు మీద అందరూ బాగా నవ్వుతున్నారు. మా బాబాయి ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటల్లో మేత వేస్తాడు. బొటనవేలి కింద ఆనె, ఆనె నడుమ పుండు. అది నొప్పి పెట్టదు, అదే దాని రోగం. శిబిరంలో కుర్రాడు పుండు పక్కన కాగితం స్కేలు అతికించి, "కాలు కాస్త ఎత్తండి అంకుల్, లైటు పడటం లేదు" అన్నాడు. తెర మీద పుండు చుట్టూ పచ్చగీత వచ్చింది. 3.84 చదరపు సెంటీమీటర్లు. పన్నెండు వారాల్లో మానే అవకాశం 71.6 శాతం.

"మిగతా ఇరవై ఎనిమిది ఎవరిదబ్బయ్యా?" అన్నాడు బాబాయి. కుర్రాడు ఫోను వంక చూశాడు. ఫోనుకూ తెలియదు.

మొన్నటిదాకా రీసర్వే అంటూ డ్రోన్లు పెట్టి పొలాలు కొలిచారు, ఇప్పుడు అరికాళ్ల వంతు. హద్దులు గీశారు, విస్తీర్ణం తేల్చారు, పాస్‌బుక్కు ఒక్కటే తక్కువ. సరే, కొలతైనా సరిగ్గా ఉంటుందా అంటే, స్కేలు పెట్టి పొడవూ వెడల్పూ గుణిస్తే గుండ్రటి పుండు నలుచదరమైపోతుంది. నాలుగు సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న పుండు నిజానికి పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు, స్కేలు లెక్కలో పదహారు. ఫోను అంతకంటే నయమే, పచ్చగీత వంకర్లు తిరుగుతుంది. కానీ మడమ వంపు మీద పుండు ఫొటోలో చదునుగా పడుతుంది, సగం దాక్కుంటుంది.

ఇంకో చిత్రం వినండి. మంచి డాక్టరు చచ్చిన మాంసాన్ని కోసి శుభ్రం చేస్తాడు. పుండు ఆ పూటకు పెద్దదవుతుంది. యాప్ వెంటనే ఎర్రబాణం వేస్తుంది, పరిస్థితి దిగజారిందని. కత్తి ముట్టని డాక్టరుకు ఎర్రబాణం బెడదే లేదు. పైన పొర కట్టి లోపల చీము పట్టిన పుండు ఫొటోలో చక్కగా చిన్నదవుతుంది. సన్నటి స్టీలు పుల్లతో లోపల తడిమి చూస్తే ఎముక తగులుతుందో లేదో తెలుస్తుంది. ఆ పుల్లకు చార్జింగ్ అక్కర్లేదు, బ్యానరూ అక్కర్లేదు. అందుకే కాబోలు ఏ శిబిరంలోనూ కనపడదు.

చెమట, వేడి కొలిచే స్మార్ట్ సాక్సుల ప్రకటన కూడా చూశాను. రొయ్యల గుంటలో దిగేవాడికి సాక్సులు!

ఇక వెటకారం చాలు. కడుపు మండే సంగతి చెబుతాను. ఫొటో తీసినవాళ్లలో ఒక్కరూ బాబాయి పాదం మీద వేలు పెట్టి నాడి చూడలేదు. పది గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ ఉందో లేదో చూడలేదు. అరిగి చిల్లుపడ్డ ఆ హవాయి చెప్పు వంక చూడలేదు. ఆయన 71.6 శాతం తీసుకుని, అదే చెప్పు వేసుకుని, అదే పుండు మీద బరువు మోపుకుంటూ ఇంటికి నడిచిపోయాడు. దీన్ని వైద్యం అనాలా? ఇది లెక్కలు రాసుకోవడం.

అంచనా వేయడమే తప్పని నేననను. 2003లో అమెరికాలో 203 మంది రోగులను గమనించారు. నాలుగు వారాల్లో పుండు 53 శాతానికి మించి తగ్గినవాళ్లలో 58 శాతం మందికి పన్నెండు వారాలకు మానింది. అంత తగ్గనివాళ్లలో మానింది 9 శాతం మందికే. మంచి గుంపులోనే పదిమందిలో నలుగురికి మానలేదని గమనించండి, ఇక దశాంశాల సంగతి మీరే ఆలోచించండి. ఆ లెక్క ఉన్నది రోగికి భవిష్యత్తు చెప్పడానికి కాదు, నాలుగు వారాలకు సగమైనా తగ్గకపోతే వైద్యం మార్చమని డాక్టరును తట్టడానికి. తట్టినా లేచేవాడు లేనప్పుడు ఆ అంకె ఎందుకు?

మనవాళ్లు బస్సెక్కి పోయే వెల్లూరు సీఎంసీలోనే డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలు చూసి, స్పర్శ లేని కాలిని నడకే తినేస్తుందని పసిగట్టారు. షుగర్ కాలికీ అంతే, బరువు తీసేస్తే పుండు మానుతుంది. 2001లో అమెరికాలోనే బరువు తీసే పద్ధతుల మధ్య ఒక పోలిక జరిగింది. కాలికి అతికినట్టు పిండికట్టు వేసినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందికి పన్నెండు వారాల్లో మానింది. రక్తం సరిగా ఆడని కాలికి, చీము పట్టిన కాలికి ఇది కుదరదు. అందుకే ముందు నాడి చూడమనేది.

2023లో ఐసీఎంఆర్ తేల్చిన ప్రకారం దేశంలో షుగర్ రోగులు పది కోట్లు దాటారు. అందరి అరికాళ్లకూ ఫొటోలు తీస్తారు కాబోలు.

శిబిరాలు పెట్టే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఫొటో తర్వాత తీద్దురు గానీ, ముందు నాడి చూడండి, పుల్ల పెట్టి చూడండి, మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు ఇవ్వండి. పుండు మానేదాకా పనిలోకి పోకుండా ఇల్లు గడిచే దారి చూపండి. అది చేతకాకపోతే శాతాలు చెప్పకండి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోండి. పుండు కనపడితే ఫోను దగ్గరకు కాదు, మర్నాడే డాక్టరు దగ్గరకు పొండి.