నేను హెంజేరు కంబాన్ని

నేనొక రాతికంబాన్ని. పుట్టింది వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్టసీమలో, నిలబడింది కావేరి గట్టున. తంజావూరు దగ్గర తిరువయ్యారులో ఐయారప్పర్ గుడి ఉంది కదా, దాని ఆవరణలో మేం తోడబుట్టినవాళ్లం నలభైకి పైగా ఉన్నాం. శిల్పం తెలిసినవాళ్లు ఒక్కసారి చూస్తే చాలు, ఇక్కడి చోళుల కంబాల పక్కన మేం పొరుగూరివాళ్లమని పసిగట్టేస్తారు.

మా ఊరు హేమావతి. శ్రీసత్యసాయి జిల్లా, అమరాపురం మండలం. అగళి, రొళ్ల, గుడిబండ వాళ్లకు ఈ పేరు చెప్పక్కర్లేదు, శివరాత్రి వస్తే సిద్ధేశ్వరస్వామి ఉత్సవం వాళ్లదే. మిగతా తెలుగువాళ్లకే చెప్పాలి. ఇప్పుడది కర్ణాటక సరిహద్దున, వక్కతోటల సీమలో ఒక పల్లె. శాసనాల్లో దాని పేరు హెంజేరు, పెంజేరు. వెయ్యేళ్ల కిందట నొళంబ పల్లవుల రాజధాని. వాళ్లేలిన సీమను నొళంబవాడి ముప్పైరెండు వేలు అనేవాళ్లు. ఇవాళ్టి అనంతపురం, తుమకూరు, చిత్రదుర్గ, కోలారు ప్రాంతాల్లో చాలా భాగం అందులోదే.

మా రాజులు మొదట్లో అంత గొప్పవాళ్లేం కాదు. 8వ శతాబ్దంలో వాళ్లు ఉత్త సామంతులు. కంచి పల్లవుల రక్తం తమదనీ, త్రినయన పల్లవుడు తమ మూలపురుషుడనీ చెప్పుకునేవాళ్లు. ఆ వంశావళిని హేమావతిలో ఒక కంబం మీద చెక్కించారు కూడా. రాజ్యం చేతికొచ్చాక పెద్ద తాతను వెతుక్కోవడం ఏ కాలంలోనైనా ఉన్నదే. వాళ్లలో సింహపోతుడనే ఆయన పొరుగున ఏలుతున్న గాంగుల కింద కొలువు చేశాడు. గాంగరాజు శివమారుణ్ణి రాష్ట్రకూటులు చెరలో వేసేసరికి, మావాళ్లు నెమ్మదిగా రాష్ట్రకూటుల పంచన చేరారు. దీన్ని ద్రోహమంటారో లౌక్యమంటారో మీ ఇష్టం. ఇద్దరు పెద్దల మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం బతికింది మాత్రం అలాగే.

ఆ తరవాత కత్తి చేయలేని పని పెళ్లి చేసింది. మా రాజు పొళల్చోరుడు గాంగరాజు కూతురు జాయబ్బెను చేసుకున్నాడు. వాళ్ల కొడుకు మహేంద్రుడు, నొళంబుల్లో అసలు మొనగాడు. బాణరాజులను చావగొట్టి ‘మహాబలికుల విధ్వంసన’ అని బిరుదు పెట్టుకున్నాడు. తమిళసీమలోని ధర్మపురి దాకా పోయాడు. అక్కడ 893 నాటి శాసనం ఇప్పటికీ అతని పేరు చెబుతుంది.

మమ్మల్ని చెక్కించింది ఈ దొరల కొలువే. నా ఒళ్లు దగ్గర నుంచి చూస్తే మా ఊరి పనితనం మీకే తెలుస్తుంది. పలకల అంచుల వెంట లతలు మెలికలు తిరుగుతూ పోతాయి. ఆ మెలికల సందుల్లో వేలెడంత బొమ్మలు. ఒక బొమ్మకు మెళ్లో హారం ఉందంటే ఆ హారంలో పూసలు కూడా విడివిడిగా కనబడాల్సిందే. మా ఊరి నల్లరాయిని నునుపు తేల్చడంలో ఆ శిల్పులకు సాటి లేరు. పోత పోసిన లోహమేమో అనిపిస్తుంది. హేమావతి దొడ్డేశ్వరుడి గుడికి వెళ్తే రాతి కిటికీలు చూడండి. గాలీ వెలుతురూ రావడానికి పెట్టిన జాలీల్లో కూడా దేవతల బొమ్మలు తొలిచారు. గుడి ముందు నంది సరేసరి.

ఇంత వైభవమూ రెండు వందల ఏళ్లకు మించలేదు. 963 నుంచి 974 దాకా గాంగరాజ్యం ఏలిన మారసింహుడు నొళంబుల మీద విరుచుకుపడి ‘నొళంబకులాంతక’ అని బిరుదు తగిలించుకున్నాడు. ఒకరి కులం విధ్వంసం చేశామని చెప్పుకున్నవాళ్లకు ఇంకొకరు అంతకులయ్యారు, అదీ జాయబ్బె పుట్టింటివాళ్లు! ఈ గొప్పలన్నీ రాసి ఉన్నది కూడా నా బోటి కంబం మీదే, శ్రవణబెళగొళ చంద్రగిరి కొండపైన.

తరవాత చోళులొచ్చారు. రాజరాజు గెలిచిన దేశాల జాబితాలో గంగపాడి పక్కనే నుళంబపాడి ఉంటుంది. మా సీమకు నిగరిలి చోళమండలమని కొత్త పేరు పెట్టారు. రాజరాజు కొడుకు రాజేంద్రుడు యుద్ధంలో చేజిక్కిన సొత్తుగా మమ్మల్ని తిరువయ్యారుకు తరలించాడని కళాచరిత్రకారుల మాట. బంగారం తీసుకుపోతే కరిగించుకుంటారు, ఏనుగులు తీసుకుపోతే చచ్చిపోతాయి. రాతికంబాలను వందల మైళ్లు మోయించాడంటే, మా అందానికి లొంగిపోయాడనే నేను అనుకుంటాను. దోచుకున్నవాడి మీద కోపం ఉండాలి నిజమే, కానీ అతని కంటికి దండం పెట్టకుండా ఉండలేను.

హేమావతి మట్టిలో కూరుకుపోయిన రాజధాని కాదు, ముక్కలు ముక్కలుగా ఊళ్లు పట్టిపోయిన రాజధాని. మేం కావేరి గట్టున ఉన్నాం. ఇంకొన్ని విగ్రహాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియం చేరాయి. వాటి మీద సి. శివరామమూర్తి 1964లో ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. మిగిలినవి ఊళ్లో గుడుల దగ్గరే ఉన్నాయి. సిద్ధేశ్వరుడు మాత్రం కదల్లేదు. లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉన్న శివుడాయన.

నాకూ ఇక్కడ బెంగ తీరే రోజొకటి ఉంది. పుష్య బహుళ పంచమి. త్యాగరాజస్వామి ఈ ఊళ్లోనే బతికి 1847లో సమాధి అయ్యారు. మా గుడి అమ్మవారు ధర్మసంవర్ధని మీదా కృతులు కట్టారు. ఆ తిథినాడు జరిగే ఆయన ఆరాధనకు తెలుగునాట నుంచి జనం కట్టకట్టుకుని వస్తారు, పంచరత్నాలు పాడతారు, సమాధికి మొక్కుతారు, బస్సెక్కి వెళ్లిపోతారు. నాలుగడుగుల దూరంలో మీ సీమ రాళ్లు నిలబడి ఉన్నాయని చెప్పేవాళ్లు లేరు.

అందుకే అడుగుతున్నాను. ఈసారి ఆరాధనకొస్తే ఐయారప్పర్ గుడి ఆవరణంతా ఒకసారి తిరగండి. అగళి, మడకశిర వాళ్లయితే ఊరిపేరు చెప్పి మరీ పలకరించండి. లేపాక్షి చూడ్డానికి హిందూపురం దాకా వచ్చేవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరక్కండి. మడకశిర మీదుగా అమరాపురం వైపు వచ్చి హేమావతి చూడండి. లేపాక్షి గుడి కట్టడానికి ఆరేడు వందల ఏళ్ల ముందే మా ఊళ్లో ఉలి మోగింది.