పాత పూల్‌కు కొత్త పెట్టె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఫోను చేతనున్న పొంగునే స్పానీరు
వాల్వు తిరుగకున్న వట్టి మాయ
పాత పంపు గుట్టు పట్టి చూడకమున్నె
పెట్టె కొనకుమయ్య పెద్దమనిషి

అవతారిక

డాలస్ శివార్లలోని ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో ముప్ఫై నలభై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు కొన్న తెలుగు గృహస్థుకు, ఇంటితో పాటు పెరటిలో ఒక ఈతకొలను, దానిని ఆనుకొని ఒక చిన్న వేడినీటి తొట్టి సంక్రమించడం కద్దు. మొదటిదానిని పూల్ అనీ రెండవదానిని స్పా అనీ అంటారు. ఇవి చూడడానికి రెండైనా సాధారణంగా ఒకే పంపు, ఒకే ఫిల్టరు, ఒకే హీటరు మీద ఆధారపడి బతుకుతాయి. నీరు ఎటు పోవాలో కంచె పక్కన సిమెంటు దిమ్మె మీద ఉన్న వాల్వులను చేత్తో తిప్పి నిర్ణయించవలసి ఉంటుంది. జనవరి రాత్రి తువ్వాలు చుట్టుకొని ఆ దిమ్మె దాకా వెళ్లి వచ్చిన గృహస్థు తెల్లవారగానే ఫోనుతో నడిచే నియంత్రణ పెట్టె కోసం వెదకడం ఆరంభిస్తాడు. పద్యకర్త అతనిని సరిగ్గా ఆ వెదుకులాట నడుమ, కార్డు నంబరు కొట్టబోయే క్షణాన పట్టుకొని ఈ నాలుగు పాదాలు వినిపిస్తున్నాడు.

ప్రతిపదార్థం

పెద్దమనిషి = ఓ గృహస్థా (తెలిసినవాడవన్న మర్యాద, తెలిసినట్టు తల ఊపుతున్నావన్న ఎత్తిపొడుపు, రెండూ ఈ సంబోధనలో ఇమిడి ఉన్నాయి); ఫోను చేత నున్న = ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన; స్పానీరు = తొట్టిలోని నీరు; పొంగునే = వేడెక్కి నురగలతో పొంగుతుందా, పొంగదని భావం; వాల్వు తిరుగకున్న = నీటి దారి మార్చే వాల్వు తిరగకపోతే; వట్టి మాయ = తెర మీద కనిపించేదంతా భ్రాంతి; పాత పంపు గుట్టు = ఇంట్లో ముందునుంచీ ఉన్న పంపు ఏ జాతిదో, ఏ ఆజ్ఞకు లొంగుతుందో ఆ రహస్యం; పట్టి చూడకమున్నె = దగ్గరకు వెళ్లి పరీక్షించక మునుపే; పెట్టె = ఆటోమేషన్ కంట్రోలరును; కొనకుమయ్య = కొనవద్దు సుమా.

తాత్పర్యం

దూరం నుంచి నడిపించదలచినవాడు ముందు దగ్గర నిలబడి వాల్వులనూ పంపునూ పరీక్షించాలి, ఆ తరువాతే యాప్ అందచందాల జోలికి పోవాలి.

విశేషాంశాలు

"పొంగునే" అన్న ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంది. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి పద్ధతిలో ఈ లెక్కకు చోటు లేదు గాని, అది లేకపోతే గృహస్థు కోరిక న్యాయమైనదో కాదో తేలదు. 500 గ్యాలన్ల స్పాలో నీటి బరువు దాదాపు 4,170 పౌన్లు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే ఉష్ణాన్ని ఒక బీటీయూ అంటారు గనుక, చలికాలపు 60 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,67,000 బీటీయూలు కావాలి. గంటకు 4 లక్షల బీటీయూల గ్యాసు కాల్చే హీటరు అందులో నూటికి ఎనభై పైచిలుకు పాళ్లు నీటికి అందిస్తుందనుకుంటే అరగంట పడుతుంది, గాలికి పోయే వేడిని కలుపుకుంటే మరికాస్త. ఆఫీసు నుంచి బయలుదేరుతూ ఫోనులో మీట నొక్కితే ఇల్లు చేరేసరికి నీరు సిద్ధంగా ఉంటుందన్న ఆశ, కాబట్టి, అత్యాశ కాదు. అయితే ఆ వేడి 104 డిగ్రీలు, అనగా 40 సెల్సియస్, దాటరాదన్నది అమెరికాలో స్పాలకు ఉన్న భద్రతా హద్దు. దూరాన ఉన్నవాడికి తొట్టిలో ఎవరు దిగారో కనిపించదు గనుక ఈ హద్దును పెట్టెలోనే గాక హీటరు మీద కూడా విడిగా బిగించి ఉంచడం మంచిది.

రెండవ పాదం పద్యానికి ప్రాణం. పూల్ నుంచి స్పాకు మారడమంటే రెండు వాల్వులు ఒకేసారి తిరగడం: పంపులోకి నీరు వచ్చే వైపు ఒకటి, హీటరు దాటి నీరు తిరిగి వెళ్లే వైపు మరొకటి. పొలంలో ఒక మడవ కట్టి మరొక మడవ తీసే రైతుకు ఇందులో వింత ఏమీ కనిపించదు. ఒకటి మరచిపోతే ఏమవుతుందో కూడా అతనికే ముందు తెలుస్తుంది. నీరు పూల్ నుంచి తీసుకొని స్పాలో పోస్తే స్పా పొర్లి మళ్లీ పూల్‌లోనే పడుతుంది, పెద్ద నష్టం లేదు. స్పా నుంచి తీసుకొని పూల్‌లో పోస్తే మాత్రం చిన్న తొట్టి నిమిషాల్లో ఖాళీ అయి, పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది.

ఈ వాల్వులను చేతికి బదులు తిప్పేది యాక్చుయేటర్ అనే చిన్న మోటారు. పెట్టె నుంచి వచ్చే 24 వోల్టుల కరెంటుతో కదిలి, నియమిత కోణం చేరగానే లోపలి స్విచ్చు తెగి తనంతట తానే ఆగుతుంది. సాధారణపు మోటార్లలో ఇక్కడే ఒక మెలిక ఉంది: తాను నిజంగా తిరిగానో లేదో అది పెట్టెకు తిరిగి చెప్పదు. ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయిన వాల్వు మీద మోటారు మూలిగి నిలిచిపోయినా, ఫోను తెర మీద స్పా నడుస్తున్నట్టే పచ్చగా వెలుగుతుంది. పద్యకర్త "మాయ" అన్నది దీనినే. ఇక్కడ అద్వైతం దాకా పోనక్కరలేదు. తెర చూపేది ఇచ్చిన ఆజ్ఞను, జరిగిన పనిని కాదు. కావున మోటారు బిగించకముందే పిడి పట్టుకొని వాల్వును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడాలి, బిగుతుగా ఉంటే విప్పి, రబ్బరు రింగులకు సిలికాన్ జిడ్డు రాయాలి లేదా వాల్వునే మార్చాలి. మూడు దారుల వాల్వుల మీద ఈ మోటారు సులువుగా కూర్చుంటుంది. పాత ఇళ్లలో కనిపించే బాల్ వాల్వుల మీద కూర్చోదు. అప్పుడు పైపు కోసి కొత్త వాల్వు అతికించాలి, ఆ ఖర్చు పెట్టె ధరలో ఎక్కడా రాసి ఉండదు.

పాఠాంతరం

మూడవ పాదంలో "పాత పైపు గుట్టు" అని కూడా చదవవచ్చు. గణాలు చెడవు, యతి తప్పదు. పాత కొలనుల కింద ఒకటిన్నర అంగుళం పైపులు ఉండడమూ, వాటిలో నీటి వేగం పెంచితే రాపిడి పెరగడమూ నిజమే. అయినా భూమిలో పూడ్చిన పైపును "పట్టి చూడడం" ఎవరి తరమూ కాదు గనుక "పంపు" అన్న పాఠమే గ్రాహ్యం.

పంపు గుట్టు రెండు విధాలు. ఒకే వేగంతో తిరిగే పాత పంపైతే దానికి తెలిసిన భాష ఒక్కటే, కరెంటు ఉంది లేదా లేదు. అందుకు పెట్టెలోని రిలే, అంటే చిన్న కరెంటు చెబితే పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, చాలు. వేగం మార్చుకోగల కొత్త పంపైతే దానికి సందేశాల తీగ కావాలి. అది ఆర్ఎస్-485 అనే పద్ధతిలో మాట్లాడుతుంది గాని, పెంటెయిర్, హేవర్డ్, జాండీ కంపెనీల యాసలు వేరువేరు. ఒకరి పెట్టె మరొకరి పంపుకు అన్ని వేళలా ఆజ్ఞ ఇవ్వలేదు. కొలనులో పంపు ఇదివరకే మార్చి ఉంటే ఆ కంపెనీ పెట్టెనే కొనడం శ్రేయస్కరం. మార్చబోతుంటే, 2021 జూలై 19న అమలులోకి వచ్చిన అమెరికా ఇంధన శాఖ ప్రమాణం తరువాత, ఈ కొలనులకు సరిపడే కొత్త ఫిల్టరు పంపులు దాదాపు అన్నీ వేగం మార్చుకునేవే. వేగం సగమైతే విద్యుత్తు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంతే నీటికి రెట్టింపు కాలం తిప్పినా లెక్క ప్రకారం ఖర్చు నాలుగో వంతే. కరెంటు బిల్లు తగ్గేది పంపు వల్ల, ఫోను వల్ల కాదు. అమ్మకందారు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి చెప్పడం పరిపాటి.

గోడకు ఉన్న పాత టైమరును, పసుపు డయల్‌తో టిక్కుటిక్కుమనే దానిని, తీసి పారవేసే ముందు ఒక సంగతి చూడాలి. కొన్నింటిలో పంపు ఆగడానికి సుమారు 20 నిమిషాల ముందే హీటరును ఆపే స్విచ్చు ఉంటుంది. కాలిన లోహం నీటి ప్రవాహంలో చల్లబడాలన్నది దాని ఉద్దేశం. కొత్త పెట్టె ఆ పనిని తాను తీసుకోవాలి.

శంక: వైఫైతో నడిచే చవక టైమరు ఒకటి పెడితే సరిపోదా? సమాధానం: పూల్ ఒక్కటే ఉంటే సరిపోవచ్చు. స్పా కూడా ఉన్నచోట రెండు వాల్వు మోటార్లు, నీటి వేడి చెప్పే సెన్సరు, పూల్‌కొకటి స్పాకొకటి వేడి అంకెలు, వీటన్నిటినీ క్రమం తప్పక కలిపి నడిపే బుద్ధి అవసరం. బ్రేకర్లతో సహా గోడ పెట్టెనంతటినీ మార్చే పెద్ద రకం దీపాలు, జలపాతం, బ్లోయరు వంటివి చాలా ఉన్న ఇంటికే తగినది. తక్కిన పాత ఇళ్లకు రెండు వాల్వులు, ఒక హీటరు, నాలుగైదు రిలేలు చాలిన చిన్న రకమే మేలు. ఏదైనా, నీటి పక్కన కరెంటు గనుక లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే కలిపించాలి. స్పా అంచున గాలి గొట్టంతో పనిచేసే పాత మీట ఉంటే దానిని పీకవద్దు. ఇంటర్నెట్ పోయిన రాత్రి, కంపెనీ సర్వరు పడుకున్న రాత్రి అదే దిక్కు. కొనేముందు ఫోనుతో దిమ్మె దగ్గర నిలబడి వైఫై అందుతుందో లేదో చూడడం పైసా ఖర్చు లేని పరీక్ష, అయినా దీనిని చేసేవారు అరుదు.

శంక: చలి ముదిరితే పెట్టె తానే పంపును తిప్పి పైపులను గడ్డకట్టకుండా కాపాడుతుంది కదా? సమాధానం: కాపాడుతుంది, కరెంటు ఉన్నంతసేపు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుపాను పట్టుకొని లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు ఏ కంపెనీ పెట్టె అయినా గోడకు వేలాడే డబ్బాయే అయింది. అటువంటి రాత్రి బ్రేకరు ఆపి, పంపుకూ ఫిల్టరుకూ హీటరుకూ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులను చేత్తో విప్పి నీరు వదలాలి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో పగటి వెలుగులో, ఎండ ఉన్న నెలలోనే చూసి పెట్టుకోవాలి.