జాతకం లేని కారుకు జాతకాలు కలిశాయట!

అమెరికాలో పాత కారు అమ్మేవాడి ప్రకటన చదివినప్పుడల్లా నాకు మన పెళ్లిళ్ల పేరయ్య గుర్తొస్తాడు. “1957 షెవర్లే బెల్ ఎయిర్ కన్వర్టిబుల్. పూర్తిగా ఒరిజినల్. నంబర్స్ మ్యాచింగ్. చాలా అరుదు. 42 వేల మైళ్లే తిరిగింది.” పేరయ్య అబద్ధమాడడు. అబ్బాయి ఉద్యోగం గురించి అడిగితే వాళ్ల మేనమామ కలెక్టరని చెబుతాడు, అంతే.

“పూర్తిగా ఒరిజినల్” అన్న మాటకు పది లైన్ల కింద ఖర్చుల పద్దు మొదలవుతుంది. కింది ఫ్లోరు రేకు కొత్తది. వెనక ఫెండర్లు కొత్తవి. సీట్లు, వైరింగు, టాపు గుడ్డ కొత్తవి. క్రోము మళ్లీ వేయించాం. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు పెట్టించాం. ఒరిజినల్ కాబట్టి ఒక రేటు, అన్నీ మార్చాం కాబట్టి దానిమీద ఇంకో రేటు. రెండూ కలిపి మనమే కట్టాలి. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన పోదంటారు. ఇక్కడ గుడ్డ కూడా మార్చేసి వాసనను అమ్మకానికి పెట్టారు. అన్నట్టు, ఈ మోడల్‌కు మొత్తం బాడీనే సరికొత్త ఉక్కుతో చేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఇక 1957 నాటిదని చెప్పుకోవడానికి మిగిలేది ఎడమ తలుపు స్తంభం మీద నంబరు కొట్టిన చిన్న రేకు ముక్క.

నంబర్స్ మ్యాచింగ్ సంగతి ఇంకా రుచికరం. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇప్పటికీ ఉందని, కారు నంబరుతో ఇంజను మీది నంబరు కలుస్తుందని దీని భావం. అరవైల చివరి షెవర్లేలకు ఇది పనికొచ్చే పరీక్షే, వాటి ఇంజన్ల మీద కారు నంబరు ఉంటుంది. 1957 బెల్ ఎయిర్ వీ8 ఇంజను మీద కారు నంబరు కొట్టనే లేదు. ఏ ఫ్యాక్టరీలో, ఏ తేదీన తయారైంది, ఏ రకం గేరుబాక్సుకు జతపడుతుంది అని చెప్పే అంకెలూ అక్షరాలే ఉంటాయి. ఆ తేదీలు కారు పుట్టిన తేదీకి కాస్త ముందుగా ఉన్నాయని అంటే ఒప్పుకోవచ్చు. మ్యాచింగ్ అంటే మాత్రం దేనితో దేన్ని కలిపారు బాబూ? జాతకాలు అద్భుతంగా కలిశాయంటున్నారు సరే, అబ్బాయికి అసలు జాతకమే రాయించలేదు కదా!

అరుదు అన్నాడు. ఆ ఏడాది ఈ కన్వర్టిబుళ్లు 47 వేలకు పైగా తయారయ్యాయి. ఆ లెక్కన సంక్రాంతికి ముగ్గు కూడా అరుదే.

ఇక మైళ్లు. ఆనాటి మీటరులో అంకెలు ఐదే. 99,999 దాటిందంటే మన ప్రభవ, విభవల్లాగా మళ్లీ మొదటికొస్తుంది. నలభై రెండు వేలా, లక్షా నలభై రెండు వేలా? మీటరుకైతే తెలియదు.

కారు మీద నాకు కోపం లేదు. ఎడమ వైపు తోకరెక్క చివర క్రోము పట్టీ తెరిస్తే లోపల పెట్రోలు మూత దాక్కుని ఉంటుంది. అది చూసి నవ్వుకోనివాడికి కార్లంటే ఇష్టం లేదన్నమాట. ఇంకో తమాషా. ఏటేటా కొత్త మోడల్ దించి, నిరుటి కారు మీద యజమానికి మొహం మొత్తేలా చేయడం జనరల్ మోటార్స్ వ్యాపార సూత్రం. 1958 రాగానే ఈ బెల్ ఎయిర్ రూపురేఖలే మార్చేశారు. ఏడాదికే పాతబడాలని చేసిన వస్తువును ఇప్పుడు “తరతరాల ఆస్తి” అంటున్నారు.

“ఆ రోజుల్లో ఉక్కంటే ఉక్కే, ఇప్పటివి రేకు డబ్బాలు” అనే వాక్యం లేని ప్రకటన ఉండదు. 2009లో అమెరికా బీమా సంస్థల భద్రతా పరిశోధన విభాగం 1959 బెల్ ఎయిర్‌నూ 2009 షెవర్లే మాలిబూనూ ఎదురెదురుగా ఢీకొట్టించింది. ఒక్కోదాని వేగం గంటకు 40 మైళ్లు. మాలిబూలో బొమ్మ డ్రైవరుకు కాలి దెబ్బలతో సరిపోయింది. బెల్ ఎయిర్‌లో డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది. అక్కడ మనిషే ఉంటే బతికేవాడు కాదు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు కారు పుట్టకముందే చెప్పారు.

అసలైన ఒరిజినల్ కావాలా? ఉంది. 1957 జూన్‌లో ఓక్లహోమాలోని టల్సా పట్టణంలో సరికొత్త ప్లిమత్ బెల్వెడేర్‌ను కాంక్రీటు గోతిలో పాతిపెట్టారు. అణుబాంబు పడినా చెక్కుచెదరదన్నారు. యాభై ఏళ్ల తర్వాత పెట్రోలు దొరకదేమోనని పెట్రోలు డబ్బా కూడా తోడుంచారు. 2007లో టల్సా జనాభా ఎంతుంటుందో అందరికంటే దగ్గరగా చెప్పినవారికి కారు బహుమతి. 2007 జూన్‌లో మూత తీస్తే గోతి నిండా నీళ్లు, అందులో తుప్పు ముద్ద. పందెం గెలిచిన పెద్దాయన అప్పటికే కన్నుమూశాడు. కారు ఆయన బంధువులకు దక్కింది. ఏళ్ల తరబడి తుప్పు గీకినా అది కదిలింది లేదు. చివరికి ఇలినాయ్ రాష్ట్రం రాస్కోలోని ఒక మ్యూజియానికి చేరింది. ఫ్లోరు మార్చలేదు, ఫెండర్లు మార్చలేదు, ఇంజను మార్చలేదు. మైళ్లు కూడా తిరగలేదు.