పీపె మూఁటి చుట్టు: సటీకా తాత్పర్యము

మూలము

మెల్ల మెల్ల నడచి మెప్పించు గుఱ్ఱంబు
పీపె మూఁటి చుట్టు బిఱబిఱఁ జన
నేర్చు, వేగ మేల నెమ్మది నేర్పక?
పీపె యొరిగె నేని పెరుగు నైదు.

అవతారిక

కవి కాలాదుల గురించి వివాదం లేదు. పద్యం రాసినవాడూ టీకా రాస్తున్నవాడూ ఒక్కడే, కాలం ఈ వారమే. అయినా సంప్రదాయం కోసం ఆయన్ను ‘కవి’ అనే పిలుస్తాను, అవసరమైనచోట విభేదిస్తాను కూడా. కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానానికి కూర్చునేవాడు. ఇక్కడ మూలం నాలుగు పాదాలు, విషయం టెక్సాస్ అంత. ఆ ప్రతిజ్ఞ నావల్ల కాదు.

సందర్భమిది. టెక్సాస్, ఓక్లహోమా వైపు ఒక అమ్మాయికి క్వార్టర్ హార్స్ జాతి గుర్రం ఉంది. కొన్నేళ్లుగా షో క్లాసుల్లో తిరిగి రిబ్బన్లు తెచ్చిపెట్టింది. ఇప్పుడు అమ్మాయి మనసు బ్యారెల్ రేసింగు (పీపాల పందెం) మీదికి పోయింది. కొత్త గుర్రం కొనే స్తోమత ఇంట్లో లేదు. ఉన్నదాన్నే ఆ పందెంలోకి మార్చవచ్చునా? ఈ సందేహానికి సమాధానంగా పద్యం అవతరించింది.

ప్రతిపదార్థము

మెల్ల మెల్ల నడచి = నిదానంగా అడుగులు వేసి; మెప్పించు = (జడ్జిని) సంతోషపెట్టే; గుఱ్ఱంబు = గుర్రము; పీపె మూఁటి చుట్టు = మూడు పీపాల చుట్టూ; బిఱబిఱన్ = చకచకా; చనన్ = పోవుటకు; నేర్చు = నేర్చుకొనును; నెమ్మది నేర్పక = ముందు నిదానం నేర్పకుండా; వేగము + ఏల = వేగమెందుకు?; పీపె = పీపా; ఒరిగెన్ + ఏని = పడిపోతే; ఐదు = ఐదు (సెకన్లు); పెరుగున్ = అదనంగా చేరును.

‘జడ్జిని’, ‘సెకన్లు’ అనేవి అధ్యాహారం. గణాలు కుదరక కవి వదిలేసినవి.

తాత్పర్యము

నెమ్మదిగా నడిచి జడ్జి మెప్పు పొందిన గుర్రం కూడా మూడు పీపాల చుట్టూ పరుగెత్తడం నేర్చుకుంటుంది. కానీ తొందరపడకండి. తొందరపడితే పీపా పడుతుంది, పీపా పడితే ఐదు సెకన్లు పోతాయి.

విశేషములు

మెల్ల మెల్ల: ఒక్క ‘మెల్ల’ చాలదా, ఇది పునరుక్తి దోషం కాదా అని శంక. కాదు. షో క్లాసుల్లో ఒకటైన వెస్టర్న్ ప్లెజర్ చూసినవాళ్లయితే మూడోసారి కూడా అనేవారు. గుర్రాలన్నీ కంచె వెంబడి ఒకే దిక్కుగా తిరుగుతుంటాయి. జడ్జి మధ్యలో నిలబడి చూస్తుంటాడు. పగ్గం వదులుగా, ఉయ్యాల తాడులా వేలాడుతుండాలి. తల ఎత్తరాదు, మరీ దించరాదు. గతులు మూడే: నడక, దానికన్నా ఒక మెట్టు పైన జాగ్, ఆ పైన లోప్. లోప్ అంటే జూలు విదిలించే దౌడు అనుకునేరు. మంచి ప్లెజర్ గుర్రం లోప్ చేస్తుంటే పక్కనే ఒక పెద్దమనిషి పొద్దుటి వాకింగ్ చేసుకుంటూ కబుర్లు చెప్పవచ్చు. అమరకోశం అశ్వగతులు ఐదింటిని చెప్పింది గానీ ఈ గతి అమరసింహుడి దృష్టికి వచ్చినట్టు లేదు. పైగా ఇందులో ఒక చిక్కు. లోప్‌లో గిట్టలు మూడు దెబ్బలుగా నేలను తాకాలి. మరీ మందగిస్తే అది నాలుగు దెబ్బలుగా విడిపోతుంది, అది తప్పు. అంటే నెమ్మదిలో కూడా ఒడుపు తప్పకూడదు. ఆ ఒడుపు రావడానికి గుర్రానికి ఏళ్లు పడుతుంది. ‘వట్టి నడకే కదా’ అని తీసిపారేసేవాళ్లు ఒకసారి జీను ఎక్కి చూడాలి.

మెప్పించు: ఎవరిని? షో క్లాసులో మెప్పించవలసింది ఒక మనిషి కంటిని. బ్యారెల్ పందెంలో మెప్పించవలసింది ఎలక్ట్రానిక్ టైమరును. దానికి కళ్లు లేవు, మొహమాటం లేదు. తోక ఎంత నున్నగా దువ్వినా, జీనుకు ఎంత వెండి తాపడం చేయించినా అది పట్టించుకోదు. ఈ భేదం మనవాళ్లకు కొత్తది కాదు. భారతంలో బాహుకుడి వేషంలో ఉన్న నలుడు విదర్భకు రథం కట్టడానికి బక్కచిక్కిన గుర్రాలను ఏరితే రాజు ఋతుపర్ణుడు పెదవి విరిచాడు. రాజుది షో క్లాసు జడ్జి చూపు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపడి, ఆపమని ఆయన అనేసరికి రథం యోజనం దాటిపోయింది. అశ్వహృదయం తెలిసినవాడికీ, అశ్వరూపం మాత్రమే చూసేవాడికీ తేడా అది.

పీపె: 55 గాలన్ల ఇనుప డ్రమ్ము, రెండు వైపులా మూసినది. మన లెక్కలో రెండు వందల లీటర్లు దాటుతుంది. పెళ్లి పందిట్లో వంటవాళ్లు నీళ్లు పట్టుకునే డ్రమ్ము ఇంచుమించు ఇదే. ‘డ్రమ్ము’ అంటే యతి చెడుతుందని కవి ‘పీపె’ వైపు మొగ్గాడు. క్షమించవచ్చు.

మూఁటి చుట్టు: ఈ మాటలో ఒక క్షేత్రగణితమే దాగి ఉంది. మొదటి, రెండో డ్రమ్ముల మధ్య 90 అడుగులు. మూడోదానికి ఆ రెండింటి నుంచీ 105 అడుగుల చొప్పున. టైమరు గీత నుంచి మొదటి రెంటికీ 60 అడుగులు. ప్రామాణిక కొలతలివి, మైదానం చిన్నదైతే కుదిస్తారు. గుర్రం గీసే బాటను వాళ్లు క్లోవర్ ఆకు అంటారు. మనకు మారేడు దళం అంటే చాలు, బొమ్మ కళ్లకు కడుతుంది. చాలామంది కుడివైపు డ్రమ్ముతో మొదలుపెడతారు: ఒక కుడి మలుపు, రెండు ఎడమ మలుపులు. ఎడమతో మొదలుపెడితే లెక్క తిరగబడుతుంది. ఏ ఆకు దగ్గరైనా దారి తప్పితే జరిమానా కాదు, అసలు టైమే ఇవ్వరు. రోడియో పోటీల్లో తమకు గుర్తింపు కోసం 1948లో టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో ఆడవాళ్లే కూడి సంఘం పెట్టుకున్నారు. నేటి ఉమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్ అదే.

నేర్చు: పద్యానికి ఇది ప్రాణపదం. కవి ‘నేర్పవచ్చు’ అనలేదు, ‘నేర్చు’ అన్నాడు. కర్త గుర్రం. నేర్చుకోవడానికి దాని దగ్గర మూలధనం చాలా ఉంది. షో గుర్రానికి ఒంటి చేత్తో పట్టిన పగ్గం మెడకు తగిలితే చాలు, తిరుగుతుంది. కాలు తాకిస్తే పక్కకు జరుగుతుంది. కుడి మలుపుకు కుడి ముందుకాలు, ఎడమ మలుపుకు ఎడమ ముందుకాలు ముందుకు వేసి పరుగందుకోవడం దానికి తెలుసు. మొదటి డ్రమ్ముకూ రెండోదానికీ నడుమ కాలు మార్చుకోవడమే సగం విద్య. అన్నిటికన్నా మించి, గేటు దగ్గర శాంతంగా నిలబడుతుంది. పందేల్లో పండిపోయిన గుర్రాలు లోపలికి వెళ్లడానికి మొరాయించి, వెనక్కి తన్ని, ముగ్గురు మనుషులు పట్టి లాగితే గానీ కదలని దృశ్యం చూశాక ఈ శాంతం విలువ తెలుస్తుంది.

లోటు ఒక్కటే. అడుగు పెంచబోయిన ప్రతిసారీ ‘వద్దు’ అని విన్న జీవం అది. పరుగెత్తితే తప్పేమోనని దాని అనుమానం. అందుకని డ్రమ్ముల జోలికి పోకుండా ముందు కంచె దాటించి పొలాల్లోకి తీసుకుపోవాలి. పొడుగాటి ట్రాట్ (జాగ్‌కే సాగిన రూపం), గట్టు ఎక్కడం, విశాలమైన చోట చేయి వదిలి లోప్. చెవులు ముందుకు నిక్కించి తనంతట తాను అడుగు సాచిన రోజున అనుమానం తీరిందని లెక్క.

ఇక్కడ కవితో నాకు పేచీ ఉంది. ‘గుఱ్ఱంబు’ అని గంపగుత్తగా అనేశాడు. ఏ షో గుర్రం? ప్లెజర్, ట్రయిల్, హార్స్‌మన్‌షిప్ క్లాసుల గుర్రం వేరు. హాల్టర్ క్లాసు గుర్రం వేరు. అది ఎక్కి తిరిగేది కాదు, తాడు పట్టి నిలబెట్టి కండపుష్టి, అంగసౌష్ఠవం చూసేది. అంత బరువును డ్రమ్ము చుట్టూ గిరుక్కున తిప్పితే భారమంతా కాళ్ల మీద పడుతుంది. పైగా ఇంప్రెసివ్ అనే పేరుమోసిన హాల్టర్ ఛాంపియన్ సంతతిలో పొటాషియం లెక్క తప్పి కండరాలు వణికి కుప్పకూలే వంశపారంపర్య జబ్బు దిగింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్లలను, 2007 నుంచి పుట్టినవాటిని, అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నమోదు చేయడమే మానేసింది. కాబట్టి వంశవృక్షం చూడకుండా ‘నేర్చు’ అనడం సాహసం.

ఇంకొకటి. షో గుర్రం పదేళ్లు దాటి ఉంటే వెనక కాలి నడిమి కీలు (హాక్ అంటారు) అరిగి ఉండవచ్చు. మెల్లగా నడిచినన్నాళ్లూ అది బయటపడదు. వెటర్నరీ డాక్టరు వచ్చి ఆ కాలు ఎత్తి మడిచి, నిమిషంపాటు అలాగే పట్టుకుని, వదలగానే గుర్రాన్ని ట్రాట్ చేయిస్తాడు. మొదటి నాలుగడుగుల్లో తల ఎగిరిందా, తుంటి ఒరిగిందా అన్నది చూస్తాడు. ఆ నాలుగడుగులే ఈ పద్యానికి అసలు పీఠిక.

పూర్వపక్షము: డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు, కూతురికి గుర్రం ఉన్న ఒక తెలుగు తండ్రిని ఊహించుకుందాం. ‘నడక నేర్పించడానికి ట్రైనరుకు అంత పోశాం కదమ్మా, ఇప్పుడు పరుగు నేర్పించడానికి మళ్లీ పోయాలా?’ ‘నడక వచ్చింది కాబట్టే నాన్నా, పరుగు తొందరగా వస్తుంది.’ సిద్ధాంతం అమ్మాయిదే. తండ్రి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: మళ్లీ షోకు తేవాలంటే? ఊరి స్థాయి షోలలో, ఫోర్-హెచ్ పిల్లల పోటీల్లో ఒకే గుర్రం పొద్దున ప్లెజర్, మధ్యాహ్నం బ్యారెల్స్ చేయడం మామూలే. పెద్ద షోలలో మాత్రం డ్రమ్ముల రుచి మరిగిన గుర్రం మునుపటి నిద్రనడక నడవడం కష్టం. ఆ లెక్క ముందే చూసుకోవాలి.

వేగ మేల నెమ్మది నేర్పక: కవి ఇక్కడ గురుస్థానం ఎక్కాడు, ఎక్కే అర్హత ఉంది. నోట్లోని కర్బ్ బిట్టు తీసి మెత్తటి స్నాఫిల్ బిట్టు వేసి, పగ్గం రెండు చేతుల్లోకి తీసుకుని, డ్రమ్ముల చుట్టూ నడవాలి. అవును, నడవాలి. డ్రమ్ముకు నాలుగైదు అడుగుల ఎడం ఉంచి లోపలికి రావాలి. ఆ ఎడాన్ని పాకెట్ అంటారు. మలుపు మొదలయ్యే చోట జీనులో కూర్చుండిపోయి గుర్రాన్ని ఆపాలి. ఒక అడుగు వెనక్కి వేయించి, అప్పుడు తిప్పాలి. మనిషి కూర్చుంటే వేగం తగ్గించుకోవాలని గుర్రానికి అర్థమవుతుంది. దీనికి వాళ్ల మాట ‘రేట్’. చూపు డ్రమ్ము మీద పెట్టకూడదు, వెళ్లవలసిన చోట పెట్టాలి. చూపెటో గుర్రం అటే, డ్రమ్మును చూస్తే డ్రమ్మునే గుద్దుతుంది. నడకలో తప్పు లేకుండా వస్తే ట్రాట్, అందులో కుదిరితే లోప్. లోప్‌లో మలుపు చెడిందా, మళ్లీ ట్రాట్‌కు దిగాలి. గుండె, ఊపిరి, కండ వారాల్లో గట్టిపడతాయి. స్నాయువులకూ ఎముకకూ నెలలు కావాలి. గుర్రం ‘నేను సిద్ధం’ అన్నట్టు కనిపించే నాటికి దాని కాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు. ప్రమాదమంతా ఆ సందులోనే. రోజూ డ్రమ్ములే తిప్పినా గుర్రానికి విసుగుపుట్టి గేటు దగ్గర కొత్త రోగం మొదలవుతుంది.

బాగా పడిన పాఠం ఎంత లోతుకు దిగుతుందో చెప్పడానికి స్కాంపర్ అనే గుర్రం ఉంది. బ్యారెల్ రేసరు షార్మెయిన్ జేమ్స్ దాని మీద 1984 నుంచి 1993 వరకు వరుసగా పది ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 1985 నేషనల్ ఫైనల్స్ రోడియోలో, లాస్ వేగాస్‌లో, పరుగు మధ్యలో స్కాంపర్ తలకున్న కళ్లెం ఊడిపోయింది. గుర్రం ఆగలేదు, దారి తప్పలేదు, పరుగు పూర్తిచేసి ఆ రౌండు గెలిచింది. స్కాంపర్ షో గుర్రం కాదు, పశువుల ఫీడ్‌లాట్‌లో పనిచేసి వచ్చింది, కాబట్టి దృష్టాంతం చెల్లదని పూర్వపక్షి అనవచ్చు. చెల్లుతుంది. వంశం, పూర్వవృత్తి కన్నా నేర్చిన పాఠం గొప్పదనే కదా కవి అంటున్నది.

పీపె యొరిగె నేని: ‘ఒరిగెనేని’ అన్నాడు, ‘ఊగెనేని’ అనలేదు. సూక్ష్మం. డ్రమ్ము మోకాలికి తగిలి అంచు మీద ఊగి మళ్లీ నిలబడితే జరిమానా లేదు. ఊగుతున్నదాన్ని చేత్తో పట్టి నిలబెట్టినా తప్పు లేదు. పడితేనే ఐదు సెకన్లు. ప్రామాణిక కొలతల మైదానంలో మంచి పరుగు 17 సెకన్ల చిల్లర, గెలుపోటములు సెకనులో నూరోవంతుల్లో తేలతాయి. అక్కడ ఐదు సెకన్లంటే సంసారం మునిగినట్టే.

కొత్త గుర్రానికి ఊరట కూడా ఉంది. చాలా పందేల్లో బహుమతులు నాలుగు డివిజన్లుగా ఉంటాయి. అందరికన్నా వేగమైన టైము నుంచి అర సెకను, సెకను, ఇలా గీతలు గీసి ప్రతి డివిజన్‌కూ విడిగా డబ్బిస్తారు. నిన్నటి ప్లెజర్ గుర్రం నాలుగో డివిజన్‌లో పైకం తెచ్చినా పైకమే. పందేనికి ముందు కొన్ని డాలర్లు కట్టి టైమరుతో పని లేకుండా తిప్పుకునే ఎగ్జిబిషన్ పరుగులుంటాయి. మొదటి కొన్నిసార్లు అక్కడే, అదీ ట్రాట్‌లోనే.

అలంకారము: స్వభావోక్తి. ‘మెల్ల’, ‘బిఱబిఱ’ అనే విరుద్ధ గతులు ఒకే గుర్రంలో చెప్పడం వల్ల విరోధాభాస కూడా అని కొందరు. ఆ కొందరు ఎవరని అడగవద్దు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని రోజూ పఠించినందువల్ల టైము ఏమీ తగ్గదు. షో గుర్రం ఉండి డ్రమ్ముల మీద మనసున్నవాళ్లు ముందుగా వెటర్నరీ డాక్టరుకు ఫోను చేయండి. డ్రమ్ములు తర్వాత కొనుక్కోవచ్చు.