మిగులు గడి

చవకగా బతకడానికి మేం బెంగళూరు వదిలి కాకినాడ వచ్చేశాం. ఆ పొదుపులో భాగంగా మా ఆయన ప్రస్తుతం బెంగళూరులో పీజీలో ఉంటున్నారు.

ఈ మాట విన్నవాళ్లు ముందు ఆయన మీద జాలిపడి, తర్వాత నా వైపు తిరిగి నవ్వుతారు. రెండూ న్యాయమే. ఊరు మారదామన్న పట్టుదల నాది. రాత్రిళ్లు నిద్ర మానుకుని కట్టిన ఎక్సెల్ షీటు నాది. దాని అడుగున ఆకుపచ్చ రంగు పూసి ‘మిగులు’ అని పేరు పెట్టుకున్న గడి కూడా నాదే. అందులో నెలకు 38 వేలు కనిపించేది. పైగా నా ఉద్యోగమే జీతాల లెక్కలు చూడటం. ఇంట్లో కూర్చునే ఒక సంస్థ ఉద్యోగులందరికీ పేస్లిప్పులు తయారుచేస్తాను, ఎవరికెంత పన్ను కోయాలో తేలుస్తాను. ఊరందరి లెక్కలూ తేల్చేదాన్ని, నా ఇంటి లెక్క తేల్చుకోలేనా అని ధీమా.

బెంగళూరు మీద మా ఫిర్యాదులు అక్కడున్న వాళ్లందరివీ. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, అద్దె 45 వేలు, మెయింటెనెన్స్ విడిగా. దిగేటప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు. నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోవద్దని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టంలో రాసింది. నమూనా కాబట్టి మా ఓనరు గారు దాన్ని నమూనాగానే ఉంచారు. ఖాళీ చేసేటప్పుడు ఆ అడ్వాన్సులోంచి గోడల రంగులకని ఒక నెల అద్దె కోసుకున్నారు. సుమారు వంద కిలోమీటర్ల అవతల నుంచి పంపులు పెట్టి ఎగువకు తోడితే గాని ఆ ఊరికి కావేరి రాదు. మా అపార్ట్‌మెంటుకి అదీ రాదు, బోర్లే గతి. 2024 వేసవిలో అవి ఎండిపోయాక, ఏ ఫ్లాటు వాళ్లు బకెట్లతో కాకుండా షవర్ కింద స్నానం చేస్తున్నారో వాట్సాప్ గ్రూపులో ఆరా తీయడం మొదలైంది. ఆరా తీసినవాళ్లలో నేను ముందుండేదాన్ని. ఈ వ్యాసంలో ఒప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి, ముందు దాన్ని ఒప్పేసుకుంటున్నాను.

కాకినాడే ఎందుకంటే, అది తటస్థ ప్రాంతం. మా అత్తవారిది అమలాపురం దగ్గర. నా పుట్టిల్లు విజయనగరం. ఏ ఒక్కరి ఊళ్లో దిగినా రెండో వైపు మాటలు ఆగిపోతాయి. కాకినాడ అటూ కాదు, ఇటూ కాదు. సముద్రం ఉంది. తిన్నగా పోయే వీధులున్నాయి, దారి తప్పే భయం లేదు. పెన్షనర్ల స్వర్గమని ఎప్పటి నుంచో పేరుంది. 2016లో ప్రకటించిన మొదటి స్మార్ట్ సిటీల జాబితాలో కూడా ఉంది. అక్కడ మూడు బెడ్‌రూముల కింది పోర్షన్ 14 వేలకు దొరికింది. అడ్వాన్సు రెండు నెలలే. ఇల్లు చూసిన రోజు పైన ఉండే ఓనరమ్మగారు, రిటైరైన టీచరు, “మీదే ఊరమ్మా? మీ నాన్నగారేం చేసేవారు? ఎవరి తాలూకు?” అని గంటసేపు అడిగారు. బెంగళూరులో పాన్ కార్డు జిరాక్సుతో పోయే పని ఇక్కడ మూడు తరాల దాకా వెళ్లింది. అది ఉచితమేననుకున్నాను.

అద్దెలోనే 31 వేలు తగ్గింది. దాన్ని తినడానికి ముందుగా వచ్చింది ఇల్లే. మా సామానంతా బెంగళూరు గదుల కొలతకు కొన్నది. గోడకు మడిచే భోజనాల బల్ల, రాత్రికి మంచమయ్యే సోఫా, స్టూలు కింద దూరే స్టూలు. అవన్నీ ఇక్కడి హాల్లో సర్ది దీపం పెట్టాం. చూడ్డానికొచ్చిన మా ఆడపడుచు చుట్టూ చూసి, “సామాన్ల లారీ ఇంకా రాలేదా వదినా?” అంది. మర్నాడే మెయిన్ రోడ్డుకెళ్లి ఆరు కుర్చీల టేకు బల్ల కొన్నాను. కిటికీలు ఎక్కువ కాబట్టి కర్టెన్లు. మూడో బెడ్‌రూము ఖాళీగా ఉంటే బాగోదని మంచం, మంచముంది కాబట్టి బీరువా. ఏది కొన్నా ఒకటే జపం: బెంగళూరులో అయితే ఇంకా ఎంతయ్యేదో!

ఏసీ గురించి ఎక్కువ చెప్పను. బెంగళూరు సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ ఫ్యాను కూడా అలంకారమే. కాకినాడ సముద్రం ఒడ్డునే ఉంది. ఈ రెండు సంగతులూ నాకు ఆరో తరగతి నుంచీ తెలుసు. ఆంధ్రాలో కరెంటు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 400 దాటాక 9.75. మే నెలలో మేం ఆ మెట్లన్నీ ఎక్కి పైన కూర్చున్నాం.

అసలు సిగ్గుపడాల్సింది పన్ను విషయంలో. ఇంటద్దె భత్యానికి మినహాయింపు లెక్కకట్టేటప్పుడు, కట్టిన అద్దెలోంచి బేసిక్ జీతంలో పదో వంతు తీసేస్తారు. మా ఆయన బేసిక్ లక్ష. మేం పాత పన్ను పద్ధతిలోనే ఉన్నాం. 45 వేలు కట్టిన రోజుల్లో 35 వేలకు పన్ను లేదు. 14 వేలు కడితే 4 వేలకే లేదు. తేడా 31 వేల మీద 30 శాతం పన్ను, దానిపైన సెస్సు, వెరసి నెలకు 9,672 రూపాయలు. అంటే నేను బెంగళూరు ఓనరు గారి దగ్గర కాపాడిన డబ్బులో మూడో వంతుకి దగ్గరగా కేంద్ర ప్రభుత్వానికి పంపే ఏర్పాటు చేశాను. ఈ సూత్రాన్నే నేను ఏటా ఉద్యోగులకు ఫోన్లో ఓపిగ్గా వివరిస్తాను. నా షీటులో దానికొక గడి లేదు. “చూడలేదేవండీ మీరైనా?” అని మా ఆయన్ని నిలదీశాను. “జీతాల లెక్కలు నీవి కదా, చూసే ఉంటావనుకున్నాను” అన్నారు. గొంతులో గౌరవమే వినిపించింది. వెటకారమైతే బావుండేది, పోట్లాడటానికి వీలుండేది.

ఇవన్నీ ఒక ఎత్తు, చుట్టాలొక ఎత్తు.

బెంగళూరులో ఉన్నన్నాళ్లూ శుభలేఖ వస్తే మా దగ్గర తిరుగులేని జవాబొకటి ఉండేది: శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు. నిజంగానే ఉండేది కూడా, పండగలప్పుడు. మిగతా రోజుల్లో కూడా మేం దాన్ని ఉంచేవాళ్లం. ఫోన్లో 1,116 పంపించి, దీవెనలు చెప్పి, ఆదివారం మధ్యాహ్నం పడుకునేవాళ్లం. మేం కట్టిన 45 వేలలో సగమైనా ఆ దూరానికి కట్టిన అద్దేనని కాకినాడ వచ్చాకే తెలిసింది. ఇక్కడ వెయిటింగ్ లిస్టు లేదు. కాంప్లెక్సులో బస్సెక్కితే యానాం మీదుగా అమలాపురం. పెళ్లి, గృహప్రవేశం, బారసాల, ఓణీల ఫంక్షను, పంచెల ఫంక్షను, షష్టిపూర్తి, ఏదైనా సరే, “పక్కనే కదమ్మా, ముందు రోజు రాత్రికే వచ్చెయ్యండి” అంటారు. ముందు రోజు వెళ్లినవాళ్లు 1,116 చదివిస్తే ఎలా ఉంటుంది? కనీసం మూడు వేలు, దగ్గరివాళ్లయితే ఉంగరం. పైగా నా చీర. అదే చీర కిందటి వారం పెళ్లిలో కట్టానన్న సంగతి నాకు గుర్తులేకపోయినా, మా పెద్దాడపడుచుకి గుర్తుంటుంది.

చీరల దగ్గర నా బుద్ధి పనిచేసే తీరు చూసి నాకే ముచ్చటేస్తుంది. ఉప్పాడ మాకు ఆటోలో వెళ్లొచ్చేంత దగ్గర. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిప్పి చూసినా మడత విప్పి చూసినా బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఏది లోపలో ఏది బయటో తెలీదు. బెంగళూరు షోరూములో 15 వేలన్నది మగ్గం దగ్గర 11 వేలకే వస్తుంది. అలా ఒక్క చీరకు నాలుగు వేలు ఆదా చేశాను. ఆదా బాగుందని ఇంకొకటి తీసుకున్నాను. మా అమ్మకొకటి తీసుకుని అత్తయ్యగారికి తీసుకోకపోతే తటస్థత దెబ్బతింటుంది. ఆ సాయంత్రం షీటులో ‘ఆదా’ అని కొత్త వరస తెరిచి 16 వేలు వేసుకున్నాను. ఖర్చు పెట్టిన 44 వేలు ‘ఇతరాలు’లో ఉన్నాయి. ఆ వరసకు రంగు వెయ్యలేదు.

తటస్థ ప్రాంతానికున్న ఇంకో గుణం కూడా నా షీటులో లేదు. రెండు పక్షాలకూ అది సమానంగా అందుబాటులో ఉంటుంది. రంగరాయ మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి, వాటి చుట్టూ వెలిసిన క్లినిక్కులతో కాకినాడ కోనసీమ వాళ్లకు డాక్టర్ల ఊరు. కాబట్టి అత్తవారి వైపు నుంచి మోకాళ్లు, కళ్లు, షుగర్లు వస్తాయి. అన్నవరం, పిఠాపురం, సామర్లకోట, ద్రాక్షారామం అన్నీ చుట్టుపక్కలే. కాబట్టి మా పుట్టింటి వైపు నుంచి వ్రతాలు, మొక్కులు వస్తాయి. ఒక వానాకాలం రెండు పక్షాలూ ఒకేసారి దిగాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజులవి. పులస తినిపించకపోతే మర్యాద కాదని నేనే యానాం వెళ్లి, ఎంతకు కొన్నానో ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, చేప తెచ్చాను. పుస్తెలమ్మినా పులస తినాలంటారు కదా, ధర విన్నాక ఆ సామెత పుట్టిన ఊరు కూడా అర్థమైంది. అత్తయ్యగారు సంచీ విప్పి ఒక్క చూపు చూశారు. “ఇది ఇలసేనమ్మా. సముద్రపుది. పులుసు బానే ఉంటుందిలే” అన్నారు. బానే ఉంది. అందరూ రెండేసి ముక్కలు వేసుకున్నారు, నాకు మాత్రం దిగలేదు.

ఇంతలో మా ఆయన ఆఫీసు వాళ్లు ఇంటి నుంచి పని చాలన్నారు. వారానికి మూడు రోజులు కుర్చీలో కనిపించాలట. దానికి శేషాద్రిలో తిరగలేరు కాబట్టి మారతహళ్లిలో పీజీ, ఇద్దరికొక గది, భోజనంతో 12 వేలు. రూమ్మేటు భీమవరం కుర్రాడు, మొదటి ఉద్యోగం, ఈయన్ని ‘అంకుల్’ అంటాడు. ఆంధ్రా పీజీ కాబట్టి రోజూ పప్పుచారు, గోంగూర, ఆదివారం చికెన్. ఇక్కడ నేను, పిల్లలు ఏం తింటున్నామంటే, ఆన్‌లైన్లో తెప్పించుకున్న పాస్తా. పీజీ కుర్రాళ్లు ఈయన్ని ఎంత బాగా చూసుకుంటున్నారంటే, వెళ్లిన ప్రతిసారీ అందరికీ కోటయ్య గొట్టం కాజాలు పట్టుకెళ్లాలి. కిలోల్లో.

పార్సిళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. బెంగళూరులో ఏ గుమ్మం ముందు ఎన్ని పెట్టెలున్నాయో ఎవరికీ పట్టదు. ఇక్కడ మొన్న మధ్యాహ్నం మూడైనా బెల్లు మోగకపోయేసరికి ఓనరమ్మగారు మేడ మీంచి వంగి, “ఏమ్మా, ఇవాళింకా పార్సిలు రాలేదేంటి? ఆ కుర్రాడికి గాని ఒంట్లో బాగోలేదా?” అని అడిగారు. నిజంగా అతని ఆరోగ్యం గురించే అడిగినట్టుంటుంది, గోదావరి జిల్లాలో అదే చిక్కు.

కిందటి నెల మా పిన్ని కొడుకు వైట్‌ఫీల్డ్ నుంచి ఫోన్ చేశాడు. అద్దె మళ్లీ పెంచారట, విసిగిపోయాడట. “నిజం చెప్పక్కా, నెలకెంత మిగుల్తోంది?” అన్నాడు. నిజం చెప్పడానికే షీటు తెరిచాను. ఆకుపచ్చ గడిలో అంకె ముందు చిన్న గీత ఉంది. తెర మీద మరకేమోనని కొంగుతో తుడిచి చూశాను. పోలేదు. “దగ్గర దగ్గర 38 వేలురా” అన్నాను. షీటు పంపమన్నాడు. పాతది పంపాను.

అది చూసి వాడి భార్య కూడా ఒప్పుకుందట. స్కూళ్లు తెరిచేలోగా సామాను సర్దుకుని, ఇద్దరు పిల్లలతో వచ్చేస్తున్నారు. ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటారు, మూడు బెడ్‌రూములున్నాయి కదా. పరుపులు చాలవని నిన్న మెయిన్ రోడ్డులో షాపుకెళ్లాను. రెండు కొంటే దిండ్లు ఉచితమన్నాడు. మూడు కొంటే దుప్పట్లు కూడా ఇస్తాడట.

మూడు తీసుకున్నాను.