ముదురు మొక్కల మోజు

చిలీ ఉత్తర తీరాన, అటకామా ఎడారిలో కోపియాపోవా అనే కాక్టస్ జాతులున్నాయి. అవి చేసిన నేరం అందంగా ఉండటమే. వాన మొహం ఎరగని నేల మీద, పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే పొగమంచు చెమ్మతో బతుకుతాయి. ఆ మంచును అక్కడివాళ్లు కమంచాకా అంటారు. ఎండ తట్టుకోవడానికి ఒంటికి బూడిదరంగు మైనం పూత, మేసే జంతువులకు ముళ్లు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాయి పాపం. పార, అట్టపెట్టె పట్టుకొచ్చే మొక్కల ప్రేమికుడు మాత్రం వాటి లెక్కలో లేడు.

ఆయన మామూలు ప్రేమికుడు కాడండీ. ఇదే మొక్క విత్తనం నుంచి పెంచింది నర్సరీలో దొరుకుతుంది. నున్నగా, నిండుగా, ఆరోగ్యంగా ఉంటుంది. అందుకే నచ్చదు! ఎండకు కమిలి, గాలికి గీసుకుపోయి, ఒళ్లంతా మచ్చలుండాలి. ఏడాదికి సెంటీమీటరు పెరిగితే అదే గొప్ప అయిన మొక్కకు ఆ రూపం రావాలంటే మనుషుల తరాలు మారాలి. అంత ఓపిక తనకు లేదు గనక ఎడారి పడ్డ ఓపికను కొనేస్తాడు. ముసలితనానికి ఇంత గిరాకీ ఉందని మన వృద్ధాశ్రమాల్లో ఎవరైనా చెప్పారో లేదో.

2020లో ఇటలీ పోలీసులు సెనిగాలియా పట్టణంలో ఒక సేకర్త ఇంట్లో వెయ్యికి పైగా ఇలాంటి మొక్కలు పట్టుకున్నారు. విలువ పది లక్షల డాలర్ల పైమాటే. ఆయన 2013లోనూ దొరికాడు, ఆ కేసుకు కాలదోషం పట్టింది. నీళ్లు లేకుండా మొక్క నూరేళ్లు నిలబడింది గానీ, అన్ని వసతులూ ఉన్న కేసు నిలబడలేదు! 2021లో ఎనిమిది వందలకు పైగా మొక్కలను చిలీకి తిప్పి పంపారు. వాటిని ఎడారిలో మళ్లీ నాటడం దగ్గరే చిక్కు. ఏ గుట్ట మీంచి తవ్వాడో దొంగ రసీదు ఇవ్వడు కదా. పరాయి దేశంలో ఏ తెగులు అంటించుకొచ్చాయో కూడా చూసుకోవాలి.

మన చేల గట్ల మీది నాగజెముడూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన చుట్టమే. దాన్ని ఎవరూ దొంగిలించరు. ఎక్కడ పడితే అక్కడ మొలవడంలో ఎంత భద్రత ఉందో!

ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం కోపియాపోవాల్లో 82 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. 2013లో అది 55 శాతం. రోడ్లు, ఇళ్లు, మారుతున్న వాతావరణం తమ వంతు పని చేస్తున్నాయి. సోషల్ మీడియా దుకాణాలు మిగతాది చూసుకుంటున్నాయి. 'అరుదైనది' అని శాస్త్రవేత్త రాస్తే హెచ్చరిక, అమ్మేవాడు రాస్తే రేటు.

కాక్టస్ కొనే అయ్యలకూ అమ్మలకూ ఒక్క మనవి. విత్తనం నుంచి పెంచిందేనా అని అడగండి, విదేశాల నుంచి వచ్చిందంటే అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటెస్ ఒప్పందం ప్రకారం ఇచ్చిన అనుమతి కాగితం చూపమనండి. మచ్చ లేని లేత మొక్క చూపిస్తే తీసుకోండి. నూరేళ్ల ముదురని గొప్పలు పోతే ఆ దుకాణం గడప దిగిపోండి.